వచ్చే ఏటి కంప్యూటరు

పిల్లలూ! ఈ నెల వచ్చిన జాబుల్లో ఒకటి తొమ్మిదో తరగతి విద్యార్థిది. చదవండి:

"మాస్టారూ! మా కంప్యూటరు ఎనిమిదేళ్ళ నాటిది. మీట నొక్కి, పళ్ళు తోముకొని వచ్చినా తెరుచుకోదు. పంట అమ్మగానే కొత్తది కొంటానని నాన్న అంటున్నారు. కాని చిప్పులు రెండేళ్ళకొకసారి రెట్టింపు అవుతాయట గదా! ఆ లెక్కన పదేళ్ళకు కంప్యూటర్ల వేగం 32 రెట్లు కావాలి. ఇప్పుడు కొనటం తెలివితక్కువ కాదా?"

అబ్బాయీ, నీ గుణకారం ఒప్పే. కాని రెట్టింపు అయ్యేది వేగం కాదు.

అమెరికాలో గోర్డన్ మూర్ అనే ఆయన, ఒక చిప్పులో పట్టే భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపు అవుతున్నదని 1965లో వ్రాశాడు. 1975లో దానిని రెండేళ్ళకొకసారి అని సవరించాడు. ఆ భాగాల్లో ముఖ్యమైనవి ట్రాన్సిస్టర్లు, అంటే కరెంటును పోనిచ్చే, ఆపే అతి చిన్న మీటలు. 1971 నాటి ఇంటెల్ 4004 చిప్పులో ఇవి 2,300. 2020 నాటి ఆపిల్ ఎం1 చిప్పులో 1,600 కోట్లు!

మరి వేగమో? చిప్పు ఒక తాళం ప్రకారం పనిచేస్తుంది. 2004లో ఇళ్ళలో వాడే కంప్యూటర్లకు సెకనుకు 380 కోట్ల తాళాలు వేసే చిప్పు వచ్చింది. ఇరవై ఏళ్ళు గడిచినా అది సుమారు 600 కోట్ల దగ్గరే ఉన్నది. దీనికి కారణం వేడి. తాళం హెచ్చితే చిప్పు భరించలేనంతగా కాగిపోతుంది. అందుచేత ఒకే చిప్పులో నాలుగు, ఎనిమిది "కోర్లు" పెట్టి పని పంచుతున్నారు. ఎనిమిది మంది కలిసి కోస్తే చేను త్వరగా కోత అవుతుంది. కాని బావికి ఒకే చేద ఉంటే, ఎనిమిది మంది ఉన్నా నీళ్ళు తోడేది ఒక్కడే గదా! అన్ని పనులూ పంచుకోవటానికి వీలయినవి కావు.

ఇక మీ కంప్యూటరు సంగతి. ర్యామ్ చదువుకునే బల్ల వంటిది, డిస్కు పుస్తకాల బీరువా వంటిది. పాత రకం హార్డు డిస్కులో ఒక పళ్ళెం నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరుగుతుంది. కావలసిన చోటు వెదకటానికి సెకనులో నూరవ వంతు పడుతుంది. ఎస్.ఎస్.డి.లో కదిలే భాగమే లేదు. అది దాదాపు నూరు రెట్లు త్వరగా వెదుకుతుంది. మీ ఆలస్యానికి కారణం చాలావరకు ఈ బీరువాయే కావచ్చు.

కాబట్టి, అబ్బాయీ, నాన్నగారితో కలిసి మరమ్మతు చేసే వారిని మూడు ప్రశ్నలు అడుగు. ఇందులో తిరిగే డిస్కు ఉన్నదా? దాని స్థానంలో ఎస్.ఎస్.డి. పెట్టవచ్చునా? ర్యామ్ పెంచవచ్చునా? ఇవి వీలయితే, కొత్త కంప్యూటరు ధరలో కొద్ది భాగంతోనే పని జరగవచ్చు. మార్చే ముందు మీ ఫోటోలకూ, పాఠాలకూ మరొక చోట నకలు తీసుకోవటం మరువకండి.

వచ్చే ఏటి కంప్యూటరు ఈ ఏటి దానికన్న మెరుగే. ఆ పై ఏటిది ఇంకా మెరుగు. అట్లా ఎదురుచూస్తూ కూర్చుంటే నీ పదో తరగతి ఆగదు.

ఇప్పుడే గడియారం పెట్టి, మీ కంప్యూటరు తెరుచుకోవటానికి ఎన్ని సెకండ్లు పడుతున్నదో వ్రాసి ఉంచు. డిస్కు మార్చాక మళ్ళీ చూడు. ఆ రెండు అంకెలూ నాకు వ్రాయి.