పల్లెల్లో కర్బన ఉద్గారాలు: ఒక్క రైతు తగ్గించలేనిది ఊరంతా కలిస్తే ఎలా తగ్గుతుంది?

కర్బన ఉద్గారాలు అనగానే ఫ్యాక్టరీ పొగగొట్టాలు, నగరాల ట్రాఫిక్ గుర్తుకొస్తాయి. ‘మా ఊళ్లో అవేవీ లేవు కదా’ అని మీరు అనుకోవచ్చు. కానీ పల్లెకూ తనదైన ఉద్గారాల పద్దు ఉంది. దాన్ని తగ్గించడానికి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల పథకాలు ఉన్నా, చాలావరకు ఒక్కో రైతు ఒక్కో దరఖాస్తు అన్నట్టుగానే నడుస్తున్నాయి. ఊరంతా కలిసి చేసిన చోట ఏం జరిగింది? మీ పంచాయతీలో ఏం అడగొచ్చు?

ఊళ్లో ఉద్గారాలు ఎక్కడి నుంచి వస్తాయి?

మొదటిది వరి మడి. నీళ్లు నిలిచిన మట్టికి గాలి అందదు. అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ వాయువును విడుదల చేస్తాయి. వందేళ్ల లెక్కన చూస్తే, ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 27 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. పశువుల నుంచి వచ్చేదీ ఇదే వాయువు.

రెండోది యూరియా. పైరు తీసుకోగా మిగిలిన నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. దీని ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు 270 రెట్ల పైమాటే.

మూడోది బోరు మోటారు. దాని దగ్గర పొగ కనిపించదు. కానీ దాన్ని తిప్పే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుతో తయారైందే. వీటికి తోడు కట్టెల పొయ్యి, కోతల తర్వాత తగలబెట్టే కొయ్యకాళ్లు ఉండనే ఉన్నాయి.

ఒక్క రైతు ఎందుకు తగ్గించలేడు?

వరిలో మీథేన్‌ను తగ్గించే పద్ధతి ఇప్పటికే ఉంది. అధికారులు దీన్ని ఏడబ్ల్యూడీ అంటారు. వాడుకలో చెప్పాలంటే తడి-పొడి పద్ధతి. చిల్లులు పెట్టిన గొట్టాన్ని మడిలో పాతి, అందులో నీటిమట్టం చూస్తారు. అది నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ నీరు పెడతారు. పూత దశలో మాత్రం మడి ఆరనివ్వరు. దీనివల్ల దిగుబడి తగ్గకుండానే నీటి వాడకం 30 శాతం దాకా, మీథేన్ దాదాపు సగం వరకు తగ్గుతాయని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెబుతోంది.

చిక్కల్లా ఆచరణలోనే. కాలువ కింద నీరు చాలాచోట్ల మడి నుంచి మడికి పారుతుంది. పై మడి రైతు నీరు వదిలితే కింది మడి ఆరదు. పైగా మళ్లీ నీరు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు, వచ్చిన రోజే నింపుకోవాలని ఎవరైనా అనుకుంటారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. అంటే గొట్టం కంటే ముందు కావాల్సింది వంతుల మీద ఒప్పందం, దానికి కట్టుబడి నీరు వదిలే నీటిపారుదల శాఖ.

బోర్ల దగ్గరా ఇదే కథ. వ్యవసాయానికి తెలంగాణలో 24 గంటలు, ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట 9 గంటలు ఉచిత విద్యుత్ అమలులోకి వచ్చాయి. రైతుకు ఇది పెద్ద ఊరటే. అయితే మోటారు ఆపిన రైతుకు రూపాయి మిగలదు. తాను ఆపినా పక్క బోరు నడిస్తే భూగర్భ జలం అటే పోతుంది.

కలిసి చేసిన ఊళ్లలో ఏం జరిగింది?

గుజరాత్‌లోని ఖేడా జిల్లా ధుండి గ్రామంలో ఆరుగురు రైతులు సహకార సంఘంగా ఏర్పడ్డారు. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ సాయంతో డీజిల్ పంపుల స్థానంలో సౌర పంపులు పెట్టుకున్నారు. 2016 నుంచి, తమ అవసరానికి పోగా మిగిలిన కరెంటును డిస్కమ్‌కు యూనిట్ 4.63 రూపాయలకు అమ్మారు. దీనికి ఆ సంస్థ అదనంగా ప్రోత్సాహకం కలిపింది. అనవసరంగా మోటారు వేస్తే అమ్ముకోవాల్సిన కరెంటు పోతుంది. అందుకే నీటి పొదుపు ఎవరూ చెప్పకుండానే లెక్కలోకి వచ్చింది.

కేరళలోని వయనాడ్ జిల్లా మీనంగాడి పంచాయతీ 2016లో కార్బన్ తటస్థత లక్ష్యం పెట్టుకుంది. ముందుగా ఊరి పద్దు తేల్చింది. ఏడాదికి ఉద్గారాలు దాదాపు 33,375 టన్నులు. చెట్లు, నేల పీల్చుకునేది దాదాపు 21,962 టన్నులు. తేడా సుమారు 11,400 టన్నులని తేలాక, ‘చెట్టు తాకట్టు’ పథకం తెచ్చింది. రైతు తన పొలంలో పెంచే చెట్టుకు సహకార బ్యాంకు ఏడాదికి 50 రూపాయల చొప్పున పదేళ్లు వడ్డీ లేని రుణం ఇస్తుంది. చెట్టు నరికితే అప్పు తీర్చాలి. ఇందుకు రాష్ట్ర ప్రభుత్వం 10 కోట్ల రూపాయల నిధి ఇచ్చింది. చెట్టుకు 50 రూపాయలు చిన్న మొత్తమే. కానీ లెక్క, డబ్బు, బాధ్యత మూడూ ఊళ్లోనే ఉండటం ఇక్కడ గమనించాల్సిన విషయం.

మన దగ్గర ఏ దారులున్నాయి?

పీఎం కుసుమ్ పథకం కింద 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల సౌర కేంద్రాలను రైతు సంఘాలు, సహకార సంఘాలు, పంచాయతీలు కూడా పెట్టుకోవచ్చు. తెలంగాణ ప్రభుత్వం మహిళా సంఘాలతో వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ లక్ష్యాన్ని 2024లో ప్రకటించింది. ఇదే కుసుమ్ పథకంలో వ్యవసాయ ఫీడర్ మొత్తాన్ని సౌర విద్యుత్‌తో నడిపే విభాగం ఉంది. నిర్ణీత వాడకం కంటే తక్కువ వాడిన రైతుకు ప్రోత్సాహకం ఇచ్చే వీలును మార్గదర్శకాలు కల్పించాయి. ధర నిర్ణయించాల్సింది రాష్ట్రమే.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయం కూడా మహిళా సంఘాల మీదే నిలబడింది. 2024లో గుల్బెంకియన్ పురస్కారాన్ని మరో ఇద్దరితో కలిసి అందుకుంది.

గ్రామసభలో మీరు ఏం అడగొచ్చు?

పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకు కేంద్రం సూచించిన తొమ్మిది అంశాల్లో ‘స్వచ్ఛ, హరిత గ్రామం’ ఒకటి. అందువల్ల ఈ ప్రశ్నలు ప్రణాళికలోకి ఎక్కించదగ్గవే:

• మన ఊళ్లో ఎన్ని బోర్లు, ఎన్ని ఎకరాల వరి, ఎంత యూరియా? ఈ లెక్క ఒకచోట ఉందా?
• మన ఫీడర్ సౌర ప్రతిపాదనల్లో ఉందా? తక్కువ వాడితే రైతుకు ఏమిస్తారు?
• తడి-పొడి పద్ధతికి కాలువ వంతుల తేదీలు ముందే రాసి ఇస్తారా?
• సౌర కేంద్రానికి ఇచ్చే భూమి ఎవరిది? అక్కడ మేపుకునే పశువుల సంగతేంటి?

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. కాగితం మీద ‘బీడు’ అని రాసిన భూమి చాలా ఊళ్లలో గొర్రెల కాపరులకు మేత భూమి. ఒకరి బతుకు తీసి ఉద్గారాలు తగ్గిస్తే దాన్ని భాగస్వామ్యం అనలేం.

కార్బన్ క్రెడిట్ల పేరుతో కంపెనీలు నేరుగా వస్తే మరో జాగ్రత్త కూడా అవసరం. ఒప్పందం తెలుగులో ఉందా, ఎన్నేళ్లు, అమ్మిన క్రెడిట్‌లో రైతు వాటా ఎంత, మధ్యలో మానుకుంటే జరిమానా ఉందా అన్నవి చూడకుండా సంతకం పెట్టొద్దు. వీలైతే ఒంటరిగా కాకుండా సంఘంగా మాట్లాడండి. బేరం చేయాలన్నా, నీరు ఆపాలన్నా పక్క పొలం వాళ్లు మీతో ఉండాల్సిందే.