పూలకుండీకి నీరు: అలవాటు వేరు, అవసరము వేరు



మన పత్రికలో వరినాట్లను గూర్చియు, ప్రత్తిచేని పురుగులను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు వ్రాయుట పరిపాటి. ఈ మాసమున నేను ఇంటిముందరి పూలకుండీని గూర్చి వ్రాయబూనుట జూచి కొందరు నవ్వవచ్చును. "ఎకరముల నీటి చింతతో మేముండగా చెంబెడు నీటి మాట మాకేల?" యని యడుగవచ్చును. అయినను ఆ చెంబెడు నీటియందే మన సేద్యములోని పెద్ద లోపమొకటి స్పష్టముగా కనబడుచున్నదని నా యభిప్రాయము.

పరకాలనుండి భూపాలపల్లికి బోవు బాటపైనున్న మన రేగొండలో పెంకుటిండ్ల వెనుక పెరడుండెడిది. పెరటిలో మల్లెపందిరియు, బావిగట్టున మందారమును పెరిగెడివి. ఇప్పుడు పెరళ్లు తరిగి స్లాబు ఇండ్లు పెరిగినవి. మల్లె కుండీలోనికి వచ్చినది. నేలలోని చెట్టు తనకు వలసిన తడిని వేరుచాచి వెదకికొనును. కుండీలోని చెట్టునకు ఆ స్వేచ్ఛ లేదు. దాని చావుబ్రతుకులు మన చేతిలోని చెంబుపై నాధారపడియున్నవి.

నా తల్లి పెంచిన గుండుమల్లె యొకటి మా యింట నుండెను. ఆమె గతించిన పిదప నేను ప్రతిదినము ఉదయమున దానికి రెండు చెంబుల నీరు తప్పక పోయుచు వచ్చితిని. శ్రావణమాసపు ముసురులోగూడ మానలేదు. కొన్నినాళ్లకు ఆకులు పసుపువన్నెకు దిరిగి వ్రాలినవి. దాహమని తలచి మూడవ చెంబు చేర్చితిని. పదునైదు దినములలో చెట్టు చచ్చెను. పెకలించి చూడగా వేళ్లు నల్లబడి కుళ్లియుండెను. కుండీ యడుగునగల రంధ్రము మట్టిచే మూసికొనిపోయి యుండెను. నేను అశ్రద్ధచే దానిని చంపలేదు, శ్రద్ధచేతనే చంపితిని. ఈ మాట వ్రాయుటకు నేటికిని మనసు కష్టపడుచున్నది.

వేరునకు నీరెంత ముఖ్యమో గాలియు నంత ముఖ్యము. మట్టిరేణువుల నడుమ సందులలో కొంత నీరును కొంత గాలియు నుండవలయును. ఆ సందులన్నియు నీటిచే నిండినచో వేరు ఊపిరాడక కుళ్లును. కుళ్లిన వేరు నీటిని పీల్చజాలదు గనుక నీటి నడుమనుండియు ఆకు వాడును. ఎండి వాడిన చెట్టును, మునిగి వాడిన చెట్టును పైకి నించుమించు ఒక్కరీతినే కనబడును. కాబట్టి ఆకును జూచిగాని, గడియారమును జూచిగాని నీరు పోయరాదు. మన్నును జూచి పోయవలయును. వ్రేలిని రెండు కణుపుల లోతు దింపి చూడుడు. తడి తగిలిననాడు చెంబును క్రింద బెట్టుడు. పొడిగానున్ననాడు అడుగు రంధ్రమునుండి నీరు కారువరకు నిండుగా పోయుడు. దినదినము కొంచెము చిలుకరించినచో పైమన్ను తడియునేగాని లోని వేళ్లెండిపోవును.

సంవత్సరము పొడుగునను ఒకే కొలత పనికిరాదు. మృగశిర కార్తె వచ్చి వానలు పట్టిన పిమ్మట నీరు పోయుటకంటె నిలిచిన నీటిని పారబోయుటయే ముఖ్యమైన పని. కుండీక్రింది పళ్లెములో వారముదినములు నీరు నిలిచెనా, డెంగీ జ్వరమును దెచ్చు దోమలు పెరుగును. ఆశ్వయుజ కార్తికములలో రాత్రులు పొడుగగుకొలది చామంతి మొగ్గతొడుగును. అప్పుడు మన్ను మిక్కిలి యెండనిచ్చినచో మొగ్గలు విరియకయే వాడును. మార్గశిర పుష్యములు మల్లెకు విశ్రాంతికాలము. అప్పుడు చెట్టు చావకుండునంత తడి చాలును. పుష్యమాసాంతమున కొమ్మలను కత్తిరించి, బాగుగా మాగిన పశువుల యెరువు వేసి, నీరు ప్రారంభించినచో ఎండకాలము వచ్చుసరికి చెట్టు మొగ్గలతో నిండును. విశ్రాంతి నీయక చలికాలమంతయు తడిపినవారికి ఆకు దక్కును, పూవు తగ్గును.

రోహిణి కార్తె ఎండలలో ఉదయమును సాయంకాలమును గూడ నీరవసరము కావచ్చును. మట్టికుండీ తన గోడలగుండ తడిని ఆర్చుకొనును గనుక త్వరగా నెండును. నల్లని ప్లాస్టిక్ కుండీ వేడెక్కి వేళ్లను బాధించును. ఎండలో పడియున్న పైపులోని వేడినీటిని వెంటనే పోయరాదు. బోరునీటి వలన మట్టిపై తెల్లని పొర కట్టినచో వాననీటితో ఒకసారి నిండుగా కడిగి క్రిందికి వదలవలయును.

జపాను దేశమున నీరుపోయుట నేర్చుటకు మూడేండ్లు పట్టునని తోటపనివారిలో నొక నానుడి కలదు. మనమో, దానిని పిల్లలకు చెప్పు పనిగా నెంచుచున్నాము.

ఇక చేనికి వత్తము. 2018వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి తెలంగాణములో వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభమయ్యెను. రాత్రివేళల కరెంటునకై కాచుకొని చేలలో తిరిగిన కష్టమెరిగిన మనకు అది గొప్ప మేలే. కాని ఆటో స్టార్టరు తగిలించి యింట నిదురించువాని చేనికి నీరు పారుట మన్ను అడిగినందువలననా, కరెంటు వచ్చినందువలననా? మిరపచేనిలో నీరు నిలిచిన వేరు కుళ్లును, ప్రత్తి వడలును. ఆకు పసుపుబారుట జూచి మనము యూరియా చల్లుదుము. అది నా మూడవ చెంబు వంటిదే. మన రాతినేలలలో బావినీరు పరిమితము. ఈ చేనిలో వృథాగా పారినది రోహిణి కార్తెలో పొరుగువాని బోరున లేకుండ పోవును.

"వరి నీటిలోనే పెరుగుచున్నది గదా?" యని కొందరందురు. నిజమే. వరికి ఆకులనుండి వేళ్లకు గాలిని జేర్చు గొట్టముల వంటి యేర్పాటు కాండములో కలదు. మల్లెకును మిరపకును అట్టి యేర్పాటు లేదు. వరికి నేర్చిన అలవాటును అన్ని పైరులకును పట్టించుటయే మన పొరపాటు.

కాబట్టి సంఘమువారికి నా మనవి రెండు మాటలు. ప్రతి సభ్యుడును ఇంట ఒక మల్లెకుండీ నుంచి, ఒక యేడు వ్రేలితో మన్ను చూచి మాత్రమే నీరు పోయవలయును. ఆ వ్రేలు తరువాత చేనిలో మోటారు మీటపై జాగ్రత్తగా నానును. రెండవది: మన యిండ్లలో ఏ చెట్టు ఎప్పుడు నీరడుగునో యెరిగినవారు స్త్రీలు. నీటి వంతులను గూర్చి మాటలాడు సభలకు వారిని గూడ పిలిచి, వారి మాట వినవలయును. నేను నా తల్లిని ఒక్కనాడైన అడిగియుండినచో ఆ మల్లె బ్రతికియుండెడిది.

పొరుగింటినుండి తెచ్చిన అంటుతో మరల నొక గుండుమల్లెను నాటితిని. ప్రతి ఉదయమును చెంబుతో దానియొద్దకు పోవుదును. మన్ను తడిగానున్న దినమున ఆ చెంబుతోనే మరలి వత్తును. ఇది కొంచెము కష్టమే. సోదరులు యోచింతురు గాక.