పాలకమండలి లేని నగరములు

అన్నవరము నుండి కాకినాడకు పోయినను, రాజమహేంద్రవరమునకు పోయినను, మేయరు పీఠము శూన్యమై యుండుట గోదావరి సీమకు గౌరవము కాదు. రాజమహేంద్రవర పాలకమండలి గడువు 2019లో తీరగా, గ్రామముల విలీన వివాదము కారణముగా 2021 మార్చి 10 నాటి పురపాలక ఎన్నికలలోను ఆ నగరమునకు చోటు లభింపలేదు. 2017 ఆగస్టు 29న కాకినాడ పౌరులు ఎన్నుకొన్న మండలి 2022లో ముగిసిన పిదప, అచ్చటను ప్రత్యేకాధికారి పాలనయే నెలకొన్నది. గడువు తీరకమునుపే ఎన్నిక జరుపవలెనని 74వ రాజ్యాంగ సవరణ శాసించుచుండగా ఈ జాప్యము సమర్థనీయము కాదు. అధికారి యెంత దక్షుడైనను ప్రభుత్వమునకే జవాబుదారి. వార్డు సభ్యుడు తన వీధికి జవాబుదారి. 2027 గోదావరి పుష్కరములకు పూర్వమే వార్డుల విభజన ముగించి, ఈ రెండు నగరములకును ప్రభుత్వము ఎన్నికలు జరిపింపవలెను.