అమెరికా పూటకూళ్లయిండ్లు

కరీంనగరము, జగిత్యాల, నిర్మలు ప్రాంతములనుండి బిడ్డలను చూడబోయి, డాలసు నగర పరిసరములలో నాలుగైదు మాసములుండి వచ్చిన పెద్దలు చెప్పు సంగతులలో అచ్చటి భోజనశాలల ముచ్చట తప్పక యుండును. ఆదివారమునాడు కొడుకో కోడలో కారులో నెక్కించుకొనిపోయి యే చిల్లీసులోనో, చీస్‌కేక్ ఫ్యాక్టరీలోనో కూర్చుండబెట్టుట, పుస్తకమంత వంటకముల పట్టిక చేతికిచ్చుట, అందు మాంసము లేని పదార్థమును వెదకుటకే యరగంట పట్టుట, ఇవన్నియు నవ్వుచు వర్ణింతురు. ఇది వట్టి వినోదమని మేము తలంపము.

ఇవి మహారాజులు భుజించు శాలలు కావు. వీధిప్రక్క నిలుచుండి తిను అంగళ్లును గావు. మధ్యతరగతి కుటుంబము నిదానముగా, మర్యాదగా కూర్చుండి తినుటకై యేర్పడినవి. చిల్లీసు 1975లో డాలసులోనే పుట్టినది. చీస్‌కేక్ ఫ్యాక్టరీ 1978లో కాలిఫోర్నియాలోని బెవర్లీ హిల్సున మొదలైనది. దాని పట్టికలో 250 వంటకములవరకు గలవు. ఏ యూర దిగినను అదే రుచి. వంటవాని హస్తవాసికంటె వ్రాసిపెట్టిన కొలతయే యచ్చట ప్రధానము. ఈ యేకరూపత మాకంతగా రుచింపదు. సర్వపిండి ఇంటికొక రుచిగా నుండుటయే దాని యందము.

కాని పరాయిచోట నెవడు వచ్చినను కూర్చుండబెట్టి వడ్డించు ఈ మర్యాద అమెరికాకు సహజముగా నబ్బినది కాదు. 1960 ఫిబ్రవరి 1వ తేదీన ఉత్తర కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్తు అంగడిలోని భోజనపు బల్లకడ కూర్చుండి కాఫీ యడుగగా ఇయ్యరైరి. వారు లేవరైరి. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చినపిమ్మట బర్మింగుహాములోని యొక మాంసభోజనశాల యజమాని, తన శాల తన యిష్టమని న్యాయస్థానమునకు బోయెను. ఆ శాల పనివారిలో మూడింట రెండువంతులు నల్లవారే! వారి చేతి పని కావలెను. వారి జాతివానికి మాత్రము పొట్లము కట్టి యిచ్చుటయే గాని లోపల పీట లేదు. అదే సంవత్సరము డిసెంబరులో సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. మనవారు నేడు సుఖాసీనులగు బల్లలు ఆ పోరాటము సంపాదించి పెట్టినవి.

మనకును చట్టమునకు కొదువలేదు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము భోజనశాలలను పేరుపెట్టియే చెప్పినది. 1955లో అస్పృశ్యతను శిక్షించు చట్టము వచ్చినది. అయినను తెలంగాణ పల్లెల టీ దుకాణములలో రెండుగ్లాసుల పద్ధతి అటుపిమ్మట దశాబ్దములపాటు సాగెను. దళితుడు తనకై వేరుగా నుంచిన గ్లాసును తానే తీసికొని, త్రాగి, తానే కడిగి పెట్టవలసియుండెను. కాగితపు గ్లాసు వచ్చి ఆ భేదమును పలుచోట్ల కంటికి కానరాకుండ జేసినది గాని, మనస్సులలోనిదానిని కూడ తుడిచినదని మేము నమ్మజాలము. డాలసులో వండినదెవరో, వడ్డించినదెవరో, ప్రక్కబల్లవాడెవడో యడుగని పెద్దమనిషి, స్వగ్రామమున తన పొలము దున్నువానిని ఇంటిలోపలికి బిలిచి తన పంక్తిని కూర్చుండబెట్టుటకు ఏల జంకవలెను? సముద్రము దాటినప్పుడు లేని మైల ఊరి పొలిమేరలో నెట్లు పుట్టుచున్నది?

అచ్చటి పద్ధతులన్నియు మెచ్చదగినవని మా యభిప్రాయము కాదు. కొడుకు బిల్లుమీద నూటికి ఇరువది బక్షీసుగా వ్రాయుట చూచి మనవారు గుండె బాదుకొందురు. అది దానము కాదు, కూలి. టెక్ససులో వడ్డించువానికి యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లిచ్చిన చాలును. 1991 నుండి ఈ యంకె కదలలేదు. బక్షీసుతో కలిపి 7 డాలర్ల 25 సెంట్లు కాకున్నప్పుడే తక్కినది యజమాని పూరింపవలెను. కాలిఫోర్నియాలో నట్లుగాదు, పూర్తి కూలి యజమానియే యీయవలెను. పనివాని పొట్టను అతిథి దయకు విడిచిపెట్టు టెక్ససు మార్గము మనకు వలదు. మన దేశమున హోటళ్లు బిల్లులో సేవారుసుమును తామై చేర్చరాదని 2022 జూలైలో వినియోగదారుల రక్షణాధికార సంస్థ ఉత్తరువు చేసెను. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దానిని సమర్థించెను. మంచిదే. అయితే వడ్డించువాని జీతము సంగతి ఆ వ్యాజ్యమున తీరలేదు.

వచ్చు వేసవిని డాలసునకు బోవు మా పాఠకులు, తిరిగివచ్చినపిమ్మట తమ యూరి టీ దుకాణమున ఎవరెవరు బల్లపై కూర్చుందురో, ఎవరు నిలుచుండియే త్రాగుదురో ఒక ఉదయము పరికించి మాకు వ్రాయవలెనని కోరుచున్నాము. ఊరి పేరుతో ప్రకటింతుము.