కల్చరు సిఫారసులో వంగడం పేరు కూడా ఉండాలి

సోయాచిక్కుడు సాగులో విత్తనానికి రైజోబియం కల్చరు పట్టించాలన్న సిఫారసు విస్తరణ సిబ్బందికి కంఠస్థమైనదే. అయితే ఏ స్ట్రెయిన్‌ను ఏ వంగడానికి వాడాలన్న ప్రస్తావన అందులో సాధారణంగా ఉండదు. వేరు బుడిపెలు సరిగా ఏర్పడకపోతే, రైతు కల్చరును ఎండలో ఉంచాడనో, సరిగా పట్టించలేదనో భావించి ఊరుకుంటాము. ఈ తీర్పు ప్రతిసారీ న్యాయమైనది కాదు. ఏ బ్యాక్టీరియాను వేరులోనికి రానివ్వాలో మొక్క కూడా నిర్ణయిస్తుంది.

ఆర్‌జె2 జన్యువు గల హార్డీ వంటి వంగడాలు యు.ఎస్.డి.ఎ. 122 వర్గపు బ్రాడీరైజోబియంతో బుడిపెలు ఏర్పడకుండా నిరోధిస్తాయని 1966లోనే వెల్లడైంది. ఈ జన్యువు, సైనోరైజోబియం ఫ్రెడీలో కొన్ని స్ట్రెయిన్లను అడ్డుకొనే ఆర్‌ఎఫ్‌జి1 జన్యువు ఒకే స్థానానికి చెందిన యుగ్మవికల్పాలని, తెగుళ్లను తట్టుకొనే ప్రొటీన్ల కుటుంబానికి చెందిన ప్రొటీనునే ఇవి తయారు చేస్తాయని 2010లో తేలింది. బ్యాక్టీరియా మూడవ రకం స్రావక వ్యవస్థ ద్వారా వేరు కణాలలోనికి పంపే నాప్‌పి అనే ప్రొటీనే ఆర్‌జె2 నిరోధానికి కారణం. అంటే, తెగులు క్రిమిని ఆపడానికి వాడే ఆయుధాన్నే మొక్క సహజీవిపైనా ప్రయోగిస్తున్నది. హిల్ వంగడంలోని ఆర్‌జె4 జన్యువు మరొక తరహా ప్రొటీను ద్వారా బ్రాడీరైజోబియం ఎల్కానీకి చెందిన యు.ఎస్.డి.ఎ. 61ను అడ్డుకొంటుంది.

ఈ గుణాన్ని ప్రజననంలో వాడుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికా మధ్య పశ్చిమ ప్రాంతపు నేలల్లో స్థిరపడిన 123 వర్గపు బ్యాక్టీరియా అధిక శాతం బుడిపెలను ఆక్రమించడం వలన కల్చరు స్ట్రెయిన్లకు చోటు దక్కదు. అందుకే యు.ఎస్.డి.ఎ. 123ను నిరోధించే సోయా జన్యురూపాలను 1980 దశకంలో గుర్తించారు.

ఆలోచన మంచిదే కాని, ఒక హెచ్చరిక అవసరం. మొక్క చేసే ఈ ఎంపికకు నత్రజని స్థిరీకరణ సామర్థ్యం ప్రమాణం కాదు. ఆర్‌జె2 తిరస్కరించే యు.ఎస్.డి.ఎ. 122 నత్రజనిని సమర్థంగా స్థిరీకరించగలదు. ఎల్కానీలో రైజోబిటాక్సిన్‌ను ఉత్పత్తి చేసి ఆకులను పాలిపోయేలా చేసే స్ట్రెయిన్లున్నాయి. బ్రెజిల్‌లో వాణిజ్య కల్చర్లుగా వాడుతున్న సెమియా 587, సెమియా 5019 కూడా ఎల్కానీయే. కనుక నిరోధక జన్యువును చేర్చే ముందు, దానివలన ఏ ఉపయోగకర స్ట్రెయిన్‌ను కోల్పోతామో కూడా పరిశీలించాలి.

మన పరిస్థితులలో మూడు పనులు తక్షణం చేపట్టదగినవి. ఒకటి, విడుదలకు ప్రతిపాదించే ప్రతి సోయా వంగడాన్ని అధికారిక కల్చరు స్ట్రెయిన్‌తో కుండీలలో పరీక్షించి, బుడిపెల సంఖ్యను, పొడి బరువును నమోదు చేయాలి. రెండు, కల్చరు ప్యాకెట్‌పై స్ట్రెయిన్ పేరు, అనుకూల వంగడాల పేర్లు ముద్రించాలి. మూడు, ఆదిలాబాద్, నిజామాబాద్ ప్రాంతాలలో ఏళ్ల తరబడి సోయా పండుతున్న నల్లరేగడి భూముల్లో, కల్చరు ప్రదర్శన క్షేత్రం పక్కనే కల్చరు పట్టించని చాళ్లను కూడా ఉంచాలి. పూత దశలో మొక్కలను పీకకుండా, మట్టితో సహా తవ్వి తీసి, బుడిపెలను కోసి చూడాలి. లోపల గులాబీ రంగు ఉంటే అవి పనిచేస్తున్నట్లు; తెల్లగా లేదా ఆకుపచ్చగా ఉంటే సంఖ్య ఎంత ఉన్నా ప్రయోజనం లేదు.

కుండీ పరీక్షకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు; ఒక స్నాతకోత్తర విద్యార్థి ఒక్క పంటకాలంలో పూర్తి చేయగలడు. రైతును తప్పుపట్టే ముందు మన సిఫారసును పరీక్షించుకోవడం మన బాధ్యత.