చనిపోయాక పడిన పెన్షన్: కట్టాల్సింది ఎంత?

ఎథిక్స్ పేపర్‌కి ఒక కేస్ స్టడీ. భిలాయి స్మృతి నగర్‌లో, స్టీల్ ప్లాంటులో రిటైరైన ఒక తండ్రి అనుకోండి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారు, డిసెంబరులో పోయారు. ఈపీఎస్-95లో ఆ సర్టిఫికెట్ ఏడాదిపాటు చెల్లుతుంది. బ్యాంకుకు ఎవరూ చెప్పకపోతే పెన్షన్ నెలనెలా పడుతూనే ఉంటుంది. తల్లి ఏటీఎంలో తీసి ఇల్లు నడుపుతుంది. తర్వాత ఒకరోజు, మొత్తం కట్టమని నోటీసు.

వెంటనే "రఫీక్ మసీహ్, 2014" అని రాసేయకండి. ఆ తీర్పు యజమాని పొరపాటున ఉద్యోగికి ఎక్కువిచ్చిన సొమ్ము గురించి. చనిపోయిన మనిషి పేరిట పడిన పెన్షన్‌ను దాని చాటున దాచలేం. తిరిగి కట్టాల్సిందే.

కానీ ఎంత? నా గొడవంతా ఇక్కడే. భర్త పోయిన మర్నాటి నుంచే భార్యకు వితంతు పెన్షన్ హక్కు ఉంది, సాధారణంగా ఆయన పెన్షన్‌లో సగం. అంటే అదనంగా పడింది ఆ తేడా మాత్రమే. మొత్తం అడిగే అధికారి ఆమె సొమ్మును ఆమె చేతే కట్టిస్తున్నాడు!

పైగా 1969 చట్టం ప్రకారం కొడుకు 21 రోజుల్లోనే మరణాన్ని నమోదు చేయించాడనుకోండి. ప్రభుత్వానికి చెప్పినట్టే కదా? జాతీయ డేటాబేస్ కోసం 2023లో ఆ చట్టాన్ని సవరించారు కూడా. ఒక కౌంటర్‌కి తెలిసిన చావు పక్క కౌంటర్‌కి తెలియకపోతే, ఆ ఇంటివాళ్లను మోసగాళ్లని మీ జవాబులో ఎలా రాస్తారు?