అన్నము మరుగుపడిన సుషీ

2006లో జపాను వ్యవసాయ మంత్రిత్వశాఖ ఒక యోచన చేసినది. విదేశములలోని జపాను భోజనశాలలను పరీక్షించి, నిజమైన జపాను వంట చేయువారికి ప్రమాణపత్రములు ఇయ్యవలెనని దాని సారము. అమెరికా పత్రికలు దానిని ‘సుషీ పోలీసు’ అని పరిహసించినవి. కొలదికాలమునకే ప్రభుత్వము వెనుకకు తగ్గినది. పరిహాసము మాట యెట్లున్నను, ఆ యోచన వెనుకనున్న బాధ ఉత్తది కాదు. తమ వంటకము పరదేశమున తమ పేరుతోనే వేరొక రూపమున కనబడినచో ఎవరికైనను మనసు చివుక్కుమనును. అయితే చెడినది ఏదో సరిగా గుర్తింపవలెను గదా!

సుషీ యనగా పచ్చిచేప యని లోకమున ఒక అపోహ కలదు. నిజమునకు నేటి సుషీకి ప్రాణము వెనిగరు, ఉప్పు, పంచదార కలిపిన పుల్లని అన్నము. చేప దానికి తోడు. పూర్వకాలమున ఆ అన్నమునకు ఇంత గౌరవమును లేదు. ఉప్పు పట్టించిన చేపను అన్నములో కూరి నెలలతరబడి ఊరనిచ్చి, పిదప అన్నమును పారవైచి చేపను మాత్రము తినెడివారు. బీవా సరస్సు ప్రాంతమున ‘ఫునాజుషీ’ అను పేర ఆ పద్ధతి నేటికిని నిలిచియున్నది. తరవాణి యెరిగిన తెలుగువారికి ఆ పులుపును ఊహించుకొనుట కష్టము కాదు. ఊరుటకు పట్టు కాలమును తరువాతి తరములవారు వెనిగరుతో తప్పించిరి. 1820 ప్రాంతమున, నేటి టోకియోయైన ఎదో నగరపు వీధి అంగళ్లలో, ఆ అన్నమును చేతితో ముద్దచేసి పైన చేపముక్క నుంచి అమ్మసాగిరి. ఫునాజుషీకి అలవాటుపడిన పెద్దమనిషి యెవడైన ఆ అంగడి ముందు నిలిచియుండినచో, ఇది సుషీయే కాదని ముక్కు విరిచియుండును.

ఈ చరిత్ర యెరిగినవారు కాలిఫోర్నియా రోల్‌ను చూచి అంతగా కోపింపరు. 1960 దశకమున లాస్ ఏంజెలిస్‌లోని లిటిల్ టోకియోలో, ‘టోరో’ అనబడు ట్యూనాచేప కొవ్వుభాగము ఎల్లకాలము దొరకకపోవుటచే వంటవారు అవకాడో పండును వాడిరని పలువురు చెప్పుదురు. కెనడాలోని వాంకూవరే దాని పుట్టినిల్లని వాదించువారును కలరు. వెన్నవలె మెత్తనైన ఆ పండు పీతమాంసముతో కలిసి టోరోను తలపించినది. నల్లని సముద్రపునాచు రేకును చూచి జంకెడి అమెరికావారికొరకు, రేకును లోపలికి మడచి అన్నమును వెలుపలికి తెచ్చిరి. ఇది మోసము కాదు, తెలివిగల అనువాదము. మూలములోని మాట దొరకనప్పుడు దగ్గరి మాటను వెదకుట అనువాదకుని పనియే. పైగా ఏ టోరోకు బదులుగా ఆ పండు వచ్చినదో, ఆ టోరోను ఎదోవారు నీచముగా చూచెడివారు. దానికి మర్యాద దక్కినది రెండవ ప్రపంచయుద్ధము తరువాతనే!

జపానువారును మారుటకు వెరవలేదు. పురుగుల భయముచే సాల్మన్ చేపను పచ్చిగా తినని ఆ దేశమునకు, 1980 దశకమునుండి నార్వేవారు పట్టుదలతో తమ పెంపుడు సాల్మన్‌ను అలవాటు చేసిరి. నేడు జపాను పిల్లలు మిక్కిలి ఇష్టపడు సుషీలలో అదియొకటి.

కనుక చేప మారినదనియో, పండు చేరినదనియో అమెరికాను తప్పుపట్టుట న్యాయము కాదు. ఆక్షేపింపదగినది వేరొకటి. అవకాడోను తెచ్చినవారు ఒక రుచికి బదులు మరియొక రుచిని పెట్టిరి. తరువాత వచ్చినవారు రుచిపై రుచిని కుప్పబోసిరి. ఫిలడెల్ఫియా రోల్‌లో క్రీమ్ చీజ్, పొగబెట్టిన సాల్మన్. మరియొకదానిలో మయొనైజు, మిరపరసము. కొన్నింటిని పిండిలో ముంచి నూనెలో వేయించి, పైన తీపి రసమును గీతలుగా పోయుదురు. ఇన్నింటి నడుమ అన్నపు సన్నని పులుపు నాలుకకు తెలియుటెట్లు?

ఆ అన్నమునకు వేడియు ముఖ్యమే. మంచి వంటవాడు దానిని ఒంటివెచ్చన మించకుండ, తగ్గకుండ చూచుకొని, ముద్ద నోటిలో విడిపోవునట్లు చేయును. అమెరికా బజారులలోనో, ప్లాస్టిక్ పెట్టెలలో సర్దిన సుషీని రిఫ్రిజిరేటరులో నుంచి అమ్ముదురు. చలికి అన్నము బిరుసెక్కును. కొనినవాడు ఆ బిరుసును సోయారసములో నానబెట్టుకొని తిని, సుషీ రుచి చూచితినని ఇంటికి పోవును.